టెస్లా షేరు కొనాలా, ఇండెక్స్ ఫండ్ చాలా?

2021 నవంబరు మొదట్లో టెస్లా షేరు 410 డాలర్ల దగ్గర ముగిసింది. 2023 జనవరి 3న అది 108 డాలర్లు. 2024 డిసెంబరు 17న 480. మూడు నెలలు తిరక్కుండానే, 2025 మార్చి 10న, ఒక్కరోజులో 15 శాతం పడి 222కి వచ్చింది. (2022లో ఒక్కో షేరును మూడుగా విడగొట్టారు. ఇక్కడి ధరలన్నీ ఆ తర్వాతి లెక్కలోనే ఉన్నాయి.) ఈ కాలమంతా ఫ్యాక్టరీలు నడుస్తూనే ఉన్నాయి, కార్లు అమ్ముడవుతూనే ఉన్నాయి. కంపెనీ విలువ నాలుగో వంతుకు పడిపోయి, మళ్లీ నాలుగు రెట్లకు పైగా పెరిగి, అందులో సగానికి పైగా కరిగిపోయేంత మార్పు మాత్రం ఆ ఫ్యాక్టరీల్లో జరగలేదు. ఎక్కువగా మారింది కొనేవాళ్ల ఆశ.

అందుకే "కారు బాగుందా?" అన్న ప్రశ్నకు జవాబు దొరికినా మన పని పెద్దగా ముందుకు జరగదు. కారు నచ్చితే కారు కొనుక్కోవచ్చు. షేరు కొనేవాళ్లు తేల్చుకోవాల్సినవి రెండు. ఈ ధర కట్టేవాళ్లు ఇప్పటికే ఏమేమి జరుగుతాయని నమ్మి కడుతున్నారు? అంతకంటే ఎక్కువ జరుగుతుందని నమ్మడానికి మన దగ్గర కారణం ఏమైనా ఉందా?

ఎలక్ట్రిక్ కార్ల మీద నమ్మకం ఉన్నవాళ్లకు టెస్లా ఒక్కటే దారి కాదు. టెస్లా ఇప్పటికే కలిసి ఉన్న ఇండెక్స్ ఫండ్ (ఒక సూచీలోని కంపెనీలన్నిటినీ వాటి వాటా మేరకు కొనే ఫండ్) ఉంది, చైనా కంపెనీ బీవైడీ ఉంది, రివియన్, లూసిడ్ లాంటి కొత్త కంపెనీలున్నాయి, టయోటా, జీఎం లాంటి పాతవాళ్లున్నారు, బ్యాటరీలు చేసేవాళ్లున్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఎక్కువమందికి ఇండెక్స్ ఫండ్ సరిపోతుంది. ఇంకా టెస్లా కావాలనిపిస్తే, పోయినా బతుకు మారనంత చిన్న ముక్క కొనుక్కోవచ్చు. కార్ల వ్యాపారం మీదే నమ్మకమైతే బీవైడీని ముందు పరిశీలించాలి. కొత్త కంపెనీలకు, అప్పు చేసి కొనడానికి దూరంగా ఉండటం మేలు. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

ధరలో ఎంత ఆశ కలిసి ఉంది

టెస్లాకు 2024లో సుమారు 320 కోట్ల షేర్లున్నాయి. షేరు ధర 300 డాలర్లు అనుకుంటే కంపెనీ మొత్తం విలువ 96,000 కోట్ల డాలర్లు, అంటే దాదాపు లక్ష కోట్లు. 2024లో కంపెనీ నికర లాభం సుమారు 710 కోట్ల డాలర్లు. విలువను లాభంతో భాగిస్తే 135 వస్తుంది. పీఈ అనేది ఇదే. ఏడాదికి ఒక డాలరు లాభం తెచ్చే వ్యాపారానికి 135 డాలర్లు కడుతున్నామన్నమాట. జీఎం, టయోటా లాంటి పెద్ద కార్ల కంపెనీల పీఈ చాలా కాలంగా పదికి అటూ ఇటూ ఉంటోంది.

ఇప్పుడు లెక్కను వెనక నుంచి వేద్దాం. పెట్టిన డబ్బు ఏటా 10 శాతం పెరగాలని కోరుకుంటే పదేళ్లలో అది 2.6 రెట్లవ్వాలి. అంటే కంపెనీ విలువ సుమారు 2.5 లక్షల కోట్ల డాలర్లకు చేరాలి. అప్పటికి పరుగు నెమ్మదించి పీఈ 25కి దిగుతుందనుకుందాం. కార్ల కంపెనీకి అది కూడా ఉదారమైన అంచనానే. ఆ లెక్కన టెస్లా ఏడాదికి 10,000 కోట్ల డాలర్ల లాభం సంపాదించాలి. 2024 లాభానికి అది 14 రెట్లు. ఏటా కోటి కార్లు అమ్మే టయోటా, 2024 మార్చితో ముగిసిన ఏడాదిలో రికార్డు లాభం చూపించింది: 4.94 లక్షల కోట్ల యెన్లు, అప్పటి మారకంలో 3,300 కోట్ల డాలర్ల పైన. అలాంటి టయోటాలు మూడు కలిస్తే టెస్లా అందుకోవాల్సిన లాభం. అదీ షేరు బ్రహ్మాండంగా పెరగడానికి కాదు, ఏటా 10 శాతం రావడానికి.

మీరు చూసే రోజున ధర వేరుగా ఉంటుంది. కాగితం తీసుకుని ఆ రోజు ధరతో, కొత్త లాభంతో ఇదే లెక్క వేయండి. పది నిమిషాల పని.

కేవలం కార్లు అమ్మి అక్కడికి చేరే దారి నాకు కనపడటం లేదు. 2022లో టెస్లా 13.1 లక్షల కార్లు డెలివరీ చేసింది, 2023లో 18.1 లక్షలు. 2024లో 17.9 లక్షలు, 2025లో 16.4 లక్షలు. అది కూడా ధరలు తగ్గించి. 2023 జనవరిలో అమెరికాలో కొన్ని మోడళ్ల రేటును 20 శాతం దాకా ఒక్కసారిగా కోసేశారు. ఫలితం గ్రాస్ మార్జిన్‌లో కనిపించింది. అంటే వంద డాలర్ల అమ్మకంలో తయారీ ఖర్చు పోగా మిగిలేది: 2022లో అది 25.6 డాలర్లు, 2024లో 17.9. పరిశోధనకు, జీతాలకు, పన్నులకు ఇందులోంచే తీయాలి.

లాభంలో చాలామంది చూడని ముక్క ఒకటుంది, రెగ్యులేటరీ క్రెడిట్లు. కాలుష్య నిబంధనలు అందుకోలేని కార్ల కంపెనీలు జరిమానా తప్పించుకోవడానికి టెస్లా లాంటి కంపెనీల దగ్గర ఈ క్రెడిట్లు కొంటాయి. వీటికి తయారీ ఖర్చంటూ దాదాపు ఉండదు, వచ్చిన డబ్బు దాదాపు అంతా లాభమే. టెస్లాకు మొదటిసారి పూర్తి ఏడాది లాభం వచ్చింది 2020లో, 72 కోట్ల డాలర్లు. ఆ ఏడాది క్రెడిట్ల మీద వచ్చిన ఆదాయం 158 కోట్లు. అవి లేకపోతే నష్టమే. 2024లో క్రెడిట్ల ఆదాయం 276 కోట్ల డాలర్లు. 2025 జులైలో అమెరికా చేసిన కొత్త చట్టం ఇంధన పొదుపు నిబంధనల జరిమానాను సున్నా చేసింది. జరిమానా లేనప్పుడు అక్కడ ఆ క్రెడిట్లు ఎవరు కొంటారు? అదే చట్టంతో, కొత్త ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లకు దొరికే 7,500 డాలర్ల పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయింది.

ఇంకో చిన్న హెచ్చరిక. 2023లో 1,500 కోట్ల డాలర్ల లాభం, 2024లో 710 కోట్లు, సగానికి సగం పడిపోయిందని రాసేవాళ్లను చూస్తుంటాం. 2023 అంకెలో 590 కోట్లు ఒక్కసారికి వచ్చిన పన్ను ప్రయోజనం. అది తీసేసి పోల్చితే పడిన మాట నిజమే కానీ సగం కాదు. కంపెనీని తిట్టేటప్పుడైనా పొగిడేటప్పుడైనా ఇలాంటివి పక్కకు తీసి చూడాలి.

మరి ఇంత ధర ఎందుకు? రోబోటాక్సీ (డ్రైవర్ లేని ట్యాక్సీ), మనిషి ఆకారపు రోబో ఆప్టిమస్, విద్యుత్తు నిల్వ చేసే పెద్ద బ్యాటరీలు. మూడోది ఇప్పటికే అసలైన వ్యాపారం. 2024లో టెస్లా 31.4 గిగావాట్ అవర్ల నిల్వ సామర్థ్యాన్ని అమర్చింది, దీని మీద మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ. మొదటి రెండూ ఎక్కువగా వాగ్దానాలు. 2019 ఏప్రిల్‌లో టెస్లా సీఈఓ ఎలాన్ మస్క్, వచ్చే ఏడాదికల్లా పది లక్షల రోబోటాక్సీలు రోడ్ల మీద ఉంటాయన్నారు. ఆస్టిన్ నగరంలో చిన్న స్థాయి సేవ మొదలైంది 2025 జూన్‌లో, అదీ ముందు సీట్లో కంపెనీ ఉద్యోగిని కూర్చోబెట్టి. గూగుల్ మాతృసంస్థకు చెందిన వేమో 2020లోనే ఫీనిక్స్‌లో డ్రైవర్ లేని కార్లను సాధారణ ప్రయాణికులకు తెరిచింది, 2025 వసంతానికి వారానికి రెండున్నర లక్షల ప్రయాణాలకు డబ్బు తీసుకుంటోంది. ఇక ఆప్టిమస్‌ని 2021లో ప్రకటించినప్పుడు వేదిక మీద డ్యాన్స్ చేసింది రోబో వేషం వేసుకున్న మనిషి! అప్పటితో పోలిస్తే ఇప్పుడు నిజం రోబోలు నడుస్తున్నాయి. వాటి అమ్మకాల మీద లాభం ఎంతన్నది ఇంకా అంచనాల్లోనే ఉంది.

ఇదంతా చదివి "అయితే పడిపోవడం ఖాయం" అనుకోవద్దు. ఆ మాట అన్నవాళ్లు చాలామంది చేతులు కాల్చుకున్నారు. 2010 జూన్‌లో 17 డాలర్లకు ఐపీఓకి, అంటే మొదటిసారి జనానికి అమ్మకానికి, వచ్చిన షేరు ఇది. తర్వాతి విభజనలు లెక్కిస్తే ఒక డాలరు పదమూడు సెంట్లు. మోడల్ 3 కారు తయారీ కష్టాల్లో ఒక దశలో దివాళాకు నెల దూరం దాకా వెళ్లామని మస్క్ స్వయంగా తర్వాత చెప్పారు. ఆ కంపెనీ షేరే 2020 ఒక్క ఏడాదిలో 743 శాతం పెరిగింది. ధర ఎక్కువగా ఉందనిపిస్తే కొనకుండా ఊరుకోవచ్చు. పడుతుందని పందెం కాసి షార్ట్ చేయడం, అంటే అరువు తెచ్చిన షేర్లు అమ్మి తర్వాత కొని తిరిగివ్వడం, వేరే సంగతి. కొన్న షేరులో పోయేది పెట్టిన డబ్బే, షార్ట్‌లో నష్టానికి పై హద్దు ఉండదు.

నేరుగా టెస్లా కొంటే

ఇక్కడ రావాల్సిన లాభం సంగతి తర్వాత, ముందు తట్టుకోవాల్సినది చూసుకోవాలి. 410 నుంచి 108కి అంటే 74 శాతం పతనం. అక్కడి నుంచి అసలు మళ్లీ రావాలంటే 280 శాతం పెరగాలి. 2021 నవంబరు శిఖరాన్ని షేరు మళ్లీ దాటింది 2024 డిసెంబరులో. మూడేళ్ల పైన ఎదురుచూసి, శిఖరం దగ్గర కొన్నవాళ్లు అసలు దగ్గరికి వచ్చారు. అదే కాలంలో, అమెరికాలోని 500 పెద్ద కంపెనీలతో లెక్కించే ఎస్ అండ్ పీ 500 సూచీ 4,700 దగ్గర నుంచి 6,000 దాటింది, అంటే 30 శాతం దాకా, డివిడెండ్లు (కంపెనీలు లాభంలోంచి వాటాదారులకు పంచే డబ్బు) అదనం. టెస్లా ఇప్పటిదాకా డివిడెండ్ ఇవ్వలేదు కాబట్టి ఎదురుచూపుకు కూలీ కూడా లేదు.

108 దగ్గర కొన్నవాళ్ల సంగతో? రెండేళ్లలో నాలుగు రెట్లు దాటింది. కానీ ఆ రోజుల్లో వార్తలెలా ఉండేవో గుర్తు తెచ్చుకోండి. మస్క్ ట్విట్టర్ కొని అందులో మునిగిపోయారని, దానికోసం టెస్లా షేర్లు అమ్ముతున్నారని, గిరాకీ తగ్గిందని రోజూ ఏదో ఒకటి. అడుగున కొనాలంటే ఆ టెన్షన్‌లో కొనాలి. చార్టు చూసి "అప్పుడు కొనాల్సింది" అనుకోవడం తేలిక.

రెండోది, ఒక్క మనిషి మీద ఇంతగా ఆధారపడిన పెద్ద కంపెనీ అరుదు. 2018 ఆగస్టు 7న, షేరును 420 డాలర్లకు (విభజనలకు ముందటి లెక్కలో) కొని కంపెనీని ప్రైవేటు చేస్తానని, నిధులు సిద్ధమని మస్క్ ట్వీట్ చేశారు. మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ కేసు పెట్టింది. ఆయన, కంపెనీ చెరో 2 కోట్ల డాలర్లు కట్టి రాజీపడ్డారు, చైర్మన్ పదవి వదులుకోవాల్సి వచ్చింది. 2025 జూన్ 5న ట్రంప్‌తో ఆయన బహిరంగంగా గొడవపడిన రోజు షేరు 14 శాతం పడింది. ఆ రోజు కార్ల వ్యాపారంలో జరిగిందేమీ లేదు. 2018 నాటి ఆయన పారితోషికం ప్యాకేజీని అమెరికాలోని డెలావేర్ రాష్ట్ర న్యాయమూర్తి 2024 జనవరిలో కొట్టేశారు, 2025 డిసెంబరులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని పునరుద్ధరించింది. 2025 నవంబరులో వాటాదారులు కొత్త ప్యాకేజీకి ఒప్పుకున్నారు. లక్ష్యాలన్నీ అందుకుంటే దాని విలువ లక్ష కోట్ల డాలర్ల దాకా ఉంటుంది. ఆ లక్ష్యాల్లో ఒకటి కంపెనీ విలువ 8.5 లక్షల కోట్ల డాలర్లకు చేరడం. అంత పెరిగితే ఎవరికీ ఫిర్యాదు ఉండదు. కానీ కొత్త షేర్లు ఆయనకు వెళితే మిగతావాళ్ల వాటా అంతమేరకు పల్చబడుతుందన్నది లెక్కలో పెట్టుకోవాలి.

రోబోటాక్సీ విషయంలో కెమెరాల మీదే ఆధారపడే టెస్లా పద్ధతి గెలుస్తుందని మీకు సాంకేతికంగా గట్టి కారణం తెలిసి, ఐదు నుంచి పదేళ్లు ముట్టుకోనక్కర్లేని డబ్బు ఉండి, నాలుగింట మూడొంతులు పోయినా పడి ఉండగలిగితే, నేరుగా కొనడం మీకు నప్పుతుంది. "పెరుగుతోంది కదా" అన్న ఒక్క కారణమే ఉంటే నప్పదు.

ఇండెక్స్ ఫండ్‌లో ఇప్పటికే ఉంది

2020 డిసెంబరు 21న టెస్లా ఎస్ అండ్ పీ 500లో చేరింది. ఆ సూచీని అనుసరించే ఫండ్ ఏదైనా మీ దగ్గర ఉంటే మీరు అప్పటికే టెస్లా వాటాదారులు. సూచీలో దాని వాటా రెండు శాతానికి అటూ ఇటూ మారుతూ ఉంటుంది. పదివేల డాలర్ల ఫండ్‌లో సుమారు రెండు వందలు టెస్లావి. షేరు సగమైతే మీకు పోయేది వంద.

చప్పగా ఉందనిపించొచ్చు. కానీ ఇందులో ఒక సౌకర్యం ఉంది. టెస్లా నిజంగానే పెద్దదైతే సూచీలో దాని వాటా తానుగా పెరుగుతుంది, కుదేలైతే తానుగా తగ్గుతుంది. రోబోటాక్సీలో టెస్లా కాక వేమో గెలిచినా, దాని మాతృసంస్థ ఆల్ఫాబెట్ అదే ఫండ్‌లో ఉంది. ఎవరు గెలుస్తారో మీరు తేల్చక్కర్లేదు. లోపం కూడా చెప్పాలి. సూచీ ఆలస్యంగా మేల్కొంటుంది. 2020లో టెస్లా ఏడెనిమిది రెట్లు పెరిగిన తర్వాతే ఈ ఫండ్లు కొన్నాయి. ఆ పరుగు వాటికి దక్కలేదు.

బీవైడీ

వాంగ్ చువాన్‌ఫు 1995లో షెన్‌జెన్‌లో ఫోన్ బ్యాటరీలు చేయడానికి పెట్టిన కంపెనీ. 2024లో 42.7 లక్షల బళ్లు అమ్మింది. అందులో పూర్తి ఎలక్ట్రిక్ 17.6 లక్షలు, మిగతావి దాదాపు అన్నీ ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు, అంటే ఛార్జ్ చేసే బ్యాటరీతో పాటు పెట్రోలు ఇంజిన్ కూడా ఉన్నవి. పోల్చేటప్పుడు ఈ రెండూ కలిపేస్తే తప్పు లెక్క వస్తుంది. 2025లో మాత్రం పూర్తి ఎలక్ట్రిక్‌లోనే 22 లక్షలు దాటి టెస్లాను వెనక్కి నెట్టింది. 2024లో ఆదాయం 77,700 కోట్ల యువాన్లు, డాలర్లలో టెస్లా కంటే ఎక్కువే. లాభం సుమారు 4,030 కోట్ల యువాన్లు, అంటే 550 కోట్ల డాలర్లు. టెస్లా లాభంలో నాలుగింట మూడు వంతులకు పైన. మార్కెట్ విలువ మాత్రం టెస్లా విలువలో ఐదో వంతు కూడా లేదు. డివిడెండ్ కూడా ఇస్తుంది. కార్లు చేసి అమ్మే వ్యాపారంలో వాటా కావాలంటే డాలరుకు దొరికే సరుకు ఇక్కడే ఎక్కువ.

అయితే చవకగా దొరకడానికి కారణాలున్నాయి. చైనాలో డజన్ల కొద్దీ కంపెనీలు ఒకదాని కంటే ఒకటి రేటు తగ్గించుకుంటూ పోతున్నాయి. 2025 మేలో బీవైడీ తానే 22 మోడళ్ల మీద 34 శాతం దాకా తగ్గింపు ప్రకటించింది, మొత్తం రంగం షేర్లు పడ్డాయి. అమెరికా చైనా ఎలక్ట్రిక్ కార్ల మీద 2024లో 100 శాతం సుంకం వేసింది. ఐరోపా యూనియన్ మామూలు 10 శాతానికి అదనంగా బీవైడీ మీద 17 శాతం వేసింది. విడిభాగాలు ఇచ్చేవాళ్లకు చెల్లింపులు నెలల తరబడి ఆపుతారన్న విమర్శల తర్వాత, బీవైడీతో సహా చైనా కంపెనీలు 60 రోజుల్లో చెల్లిస్తామని 2025 జూన్‌లో ప్రకటించాల్సి వచ్చింది. లాభం చూసేటప్పుడు అప్పులను, చెల్లించాల్సిన బాకీలను కూడా చూడాలని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు.

వారెన్ బఫెట్ కంపెనీ బెర్క్‌షైర్ హాథవే 2008లో 23 కోట్ల డాలర్లతో 22.5 కోట్ల బీవైడీ షేర్లు కొని, 2022 నుంచి అమ్ముతూ వచ్చి పూర్తిగా బయటపడింది. పద్నాలుగేళ్లు కదలకుండా పట్టుకోవడం అందులోని అసలు సంగతి. చార్టులు చూసేవాళ్లకు ఒక మాట: 2025 మధ్యలో బోనస్ షేర్లతో ఒక్కో షేరు మూడైంది. సరిచేయని చార్టులో ధర మూడో వంతుకు పడినట్టు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.

రివియన్, లూసిడ్, ఇంకా వాటి ముందువాళ్లు

రివియన్ 2021 నవంబరులో 78 డాలర్లకు ఐపీఓకి వచ్చింది. వారం తిరక్కముందే 170 దాటింది. చెప్పుకోదగ్గ అమ్మకాలే లేని కంపెనీ విలువ కొద్దిరోజులు ఫోక్స్‌వ్యాగన్‌ను మించింది. తర్వాత షేరు ఐపీఓ ధరలో నాలుగో వంతు కంటే కిందికి జారింది. 2024లో 51,579 బళ్లు డెలివరీ చేసి 470 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. బండికి ఎంత నష్టమో మీరే భాగించి చూసుకోండి. అయితే దాని సాఫ్ట్‌వేర్ కోసం అదే ఫోక్స్‌వ్యాగన్ 580 కోట్ల డాలర్ల దాకా పెట్టడానికి ముందుకొచ్చింది కాబట్టి తీసిపారేయలేం. లూసిడ్‌ను సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి నిలబెడుతోంది. 2025లో పది షేర్లను ఒకటిగా కలపాల్సి వచ్చింది. షేరు ధర మరీ కిందికి పోయిన కంపెనీలు చేసే పని అది.

మిగతావాళ్ల చిట్టా ఇలా ఉంది: లార్డ్స్‌టౌన్ 2023 జూన్‌లో, ఫిస్కర్ 2024 జూన్‌లో, కనూ 2025 జనవరిలో, నికోలా 2025 ఫిబ్రవరిలో దివాళా. కారణం దాదాపు అందరిదీ ఒకటే. కార్ల ఫ్యాక్టరీకి ముందే వేల కోట్లు కావాలి, అమ్మకాలు పెరిగేదాకా ప్రతి బండీ నష్టానికే పోతుంది, ఆ మధ్యలో ఎవరూ డబ్బు ఇవ్వకపోతే కథ ముగుస్తుంది. డబ్బు దొరికినా కొత్త షేర్లు అమ్మే తెస్తారు, పాతవాళ్ల వాటా పల్చబడుతుంది. ఈ కంపెనీల్లో దేన్నైనా చూస్తే ఒక్క లెక్క ముందు వేయండి: చేతిలో ఉన్న నగదును మూడు నెలలకు ఖర్చవుతున్న నగదుతో భాగించండి. ఎనిమిది కంటే తక్కువ వస్తే, అంటే రెండేళ్లకు సరిపడా డబ్బు లేకపోతే, మీరు కొంటున్నది తర్వాతి నిధుల సేకరణ మీద పందెం.

పాత కంపెనీలు, బ్యాటరీలు

టయోటా, జీఎం, హ్యుందాయ్‌లను ఎలక్ట్రిక్ పెట్టుబడి అనుకుని కొనడంలో అర్థం తక్కువ. లాభం ఇప్పటికీ పెట్రోలు, హైబ్రిడ్ బళ్ల నుంచే వస్తోంది. ఫోర్డ్ ఎలక్ట్రిక్ విభాగం 2024లో 500 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. డివిడెండ్ కోసం, తక్కువ పీఈ కోసం కొనేవాళ్లకు అవి సరే.

బ్యాటరీల్లో చైనా కంపెనీ సీఏటీఎల్ ప్రపంచంలో మొదటిది, మార్కెట్‌లో మూడో వంతుకు పైగా దాని చేతిలో ఉంది. కారు ఎవరిదైనా బ్యాటరీ తనదే అన్న వాదన బలమైనదే. లిథియం గనుల షేర్లు అంతకంటే సురక్షితం అనుకునేవాళ్లు మాత్రం ఒకటి చూడాలి. చైనాలో లిథియం కార్బొనేట్ ధర 2022 చివర్లో టన్నుకు ఆరు లక్షల యువాన్ల దగ్గరికి వెళ్లి, రెండేళ్లలో ఐదో వంతు కంటే కిందికి పడింది. టెస్లా ఊగిసలాటకు భయపడి అక్కడికి వెళ్లడం పెనం మీంచి పొయ్యిలో పడటమే.

అప్పు, ఆప్షన్లు, రెట్టింపు ఫండ్లు

టెస్లా రోజువారీ కదలికకు రెట్టింపు ఇస్తామనే ఫండ్లున్నాయి. షేరు ఒకరోజు 10 శాతం పడి, మర్నాడు 11.1 శాతం పెరిగితే ఎక్కడ మొదలైందో అక్కడికే వస్తుంది. రెట్టింపు ఫండ్ 20 శాతం పడి 22.2 పెరుగుతుంది: వంద కాస్తా 97.8 అవుతుంది. షేరు ఎటూ పోలేదు, మీ డబ్బు మాత్రం తగ్గింది. ఊగిసలాట ఎక్కువైన కొద్దీ ఈ కోత ఎక్కువ. ఆప్షన్లలో (గడువులోపు ఫలానా ధరకు కొనే లేదా అమ్మే హక్కులు) మీ అంచనా సరైనదైనా గడువులోపు జరగాలి. వాయిదాల మీద వాయిదాలు పడిన రోబోటాక్సీ చరిత్ర చూశాక ఆ గడువు మీద డబ్బు పెట్టడం నాకైతే అర్థం కాదు. మార్జిన్ అప్పుతో, అంటే బ్రోకర్ దగ్గర అప్పు తీసుకుని, కొన్నవాళ్ల షేర్లను బాగా పడిన రోజున బ్రోకర్ అమ్మేయగలడు, తర్వాత పెరిగినా వాళ్లకు ఒరిగేదేమీ లేదు.

ఎంత కొనాలి, ఎలా కొనాలి

అసలు నిర్ణయం ఇక్కడే ఉంది. ఒకసారి 74 శాతం పడిన షేరు మళ్లీ అంత పడొచ్చు. మొత్తం పెట్టుబడిలో టెస్లా 5 శాతమైతే అలాంటి పతనంలో పోయేది 4 శాతం లోపే, మిగతావి ఒక మంచి ఏడాదిలో దాన్ని పూడుస్తాయి. 30 శాతమైతే పోయేది 22 శాతం. అది చదువుల డబ్బో, ఇంటి డబ్బో అయి ఉంటుంది. నా హద్దు 5 శాతం. ఇండెక్స్ ఫండ్‌లో, టెక్ ఫండ్లలో ఇప్పటికే ఉన్న టెస్లాను కూడా ఆ ఐదులోనే కలపాలి. మీ ఉద్యోగమే ఎలక్ట్రిక్ వాహనాల రంగంలో ఉంటే ఇంకా తగ్గించండి. రంగం దెబ్బతింటే జీతం, షేరు ఒకేసారి దెబ్బతింటాయి. డాలర్లలో కాక వేరే కరెన్సీలో సంపాదించేవాళ్లకు మారకం రేటు మార్పు కూడా తోడవుతుంది.

కొనాలని తేల్చుకున్నాక ఒకేసారి వద్దు. ఏడాదిలో నాలుగైదు విడతలుగా కొంటే శిఖరం మీద మొత్తం పెట్టేసే ప్రమాదం తగ్గుతుంది. ప్రతి మూడు నెలలు ముగియగానే మొదటి రెండు మూడు రోజుల్లో టెస్లా డెలివరీల అంకె ప్రకటిస్తుంది, ఆ తర్వాత మూడు వారాలకు ఫలితాలు వస్తాయి. ఈ రోజుల ముందు తొందరపడి కొనకండి, ప్రకటన వచ్చాక చదివి కొనండి. ఇలాంటి షేరుకు మార్కెట్ ఆర్డర్ (ఆ క్షణాన ఎంతుంటే అంతకు కొనడం) బదులు ధర పెట్టి లిమిట్ ఆర్డర్ వేయడం మంచిది, ముఖ్యంగా మార్కెట్ తెరిచిన మొదటి అరగంటలో.

కొనే ముందు కారణాన్ని రాసి పెట్టుకోండి, పరీక్షించగలిగేలా. "భవిష్యత్తు ఎలక్ట్రిక్‌దే" అని రాస్తే ఎప్పటికీ తప్పు కాదు, కాబట్టి ఎప్పుడు అమ్మాలో అది చెప్పదు. "రెండేళ్లలో కనీసం పది నగరాల్లో లోపల ఉద్యోగి లేకుండా రోబోటాక్సీలు డబ్బు తీసుకుని నడుస్తాయి" అని రాస్తే తేల్చుకోవచ్చు. "క్రెడిట్లు తీసేసిన కార్ల గ్రాస్ మార్జిన్ 20 శాతం దాటుతుంది" అన్నా అంతే. ఫలితాల పత్రంలో క్రెడిట్ల ఆదాయం విడిగా ఒక వరుసలో ఉంటుంది, కార్ల ఆదాయంలోంచి, లాభంలోంచి దాన్ని తీసేసి భాగిస్తే ఆ అంకె వస్తుంది.

షేరు రెట్టింపై ఐదు శాతం కాస్తా పది దగ్గరికి చేరితే మళ్లీ ఐదుకు కోయాలి. చాలామందికి పడినప్పుడు పట్టుకోవడం కంటే ఇదే కష్టం, ఎందుకంటే గెలుస్తున్న దాన్ని అమ్మమంటున్నాం. ఎప్పుడో 20, 30 డాలర్లకు కొని ఇప్పుడు సంపదలో సగం టెస్లాలోనే ఉన్నవాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. పన్ను కారణంగా ఒక్కసారి అమ్మలేకపోతే మూడు నాలుగు ఆర్థిక సంవత్సరాలకు పంచి, ప్రతి ఏడాదీ ఫలానా నెలలో ఇన్ని షేర్లని ముందే రాసుకుని, ఆ రోజు ధర ఎంతున్నా అమ్ముకుంటూ రావాలి.